రెండో బంతి పిల్లలకు వడ్డన గురించి

విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ గారి సముఖమునకు
(శిక్షా కళాశాల ప్రిన్సిపాల్ గారి ద్వారా కాక, నేరుగా)

బీజాపూర్ జిల్లా, భోపాలపట్నం బ్లాకు, తర్లగూడ దాపున గల రేగులవాయి గ్రామ కాపురస్తుడు, వ్యవసాయదారుడు, ప్రాథమిక శాల ప్రబంధన సమితి (బడి కమిటీ) అధ్యక్షుడు కొండ్ర రామనర్సయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ శిక్షా కళాశాల (బి.ఎడ్. కాలేజీ) అధ్యాపకుల పరిశోధన, బోధన విజయాలలో నుండి మా ఊరి పిల్లలను తీసివేసి, వారికి చదువు చెప్పుటకు అనుమతి ఇప్పించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

ముందుగా, హిందీలో రాయవలసిన అర్జీని తెలుగులో రాస్తున్నందుకు మన్నించాలి. నాకు హిందీ మాట్లాడ్డం వచ్చు. బజారులోనూ బ్లాకు ఆఫీసులోనూ రోజూ మాట్లాడేది అదే. కానీ హద్దు అవతల తెలుగు రాష్ట్రంలోని వాజేడు హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివినవాడిని కనుక, రాయడం తెలుగులోనే వస్తుంది. పైగా మనిషి తన మనసులో మాట మాతృభాషలోనే సరిగా చెప్పగలడని తమ కళాశాల వారే మా బడి గోడ మీద హిందీలో రాయించారు. తమ ఆఫీసులో తెలుగు చదివేవారు లేకపోతే, సరిహద్దు భాషల నిపుణులుగా కళాశాల విజయాల పట్టీలో పేర్లున్న అధ్యాపకులు ఉన్నారు. వారిచేత చదివించుకోగలరు. వాళ్ళు చదవలేకపోతే అది కూడా తమకు తెలియవలసిన సంగతే.

1. మూడేళ్ళ క్రితం, ఇప్పపూలు రాలే కాలంలో, తమ కళాశాల ఆచార్యులు డాక్టర్ ముకేష్ గారు జీపులో మా ఊరికి దయచేసినారు. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో హిందీ వినడం వల్ల అక్షరం పట్టుబడక వెనకబడుతున్నారనీ, మొదట ఇంటి భాషలో చదువు నేర్పి ఆ మీదట హిందీలోకి తీసుకుపోయే పద్ధతి ఒకటి తాము తయారు చేశామనీ చెప్పినారు. మాకు సంతోషం వేసింది. ఆ మాట మా ఊళ్ళో ఏ తల్లిని అడిగినా చెప్పేదే, అయినా ప్రొఫెసరు నోట వచ్చింది కనుక ఇకనైనా జరుగుతుందనుకున్నాం. తర్వాత ఆయన పిల్లలను రెండు జట్లుగా విడదీయమన్నారు. ఎలా విడదీసినా ఫరవాలేదు, రెండు జట్లూ తమకు సమానంగా ముఖ్యమే అన్నారు. ఆ మాట మటుకు నిజమేనని తర్వాత అర్థమైంది.

2. మా ఊళ్ళో మనుషులను రెండుగా కూర్చోబెట్టడమంటే బంతులు వేయడం. పెళ్ళయినా, కర్మయినా, కొత్త బియ్యం వండుకున్నా, వియ్యపు వరస వాళ్ళకు మొదటి బంతి, ఇంటివాళ్ళకు రెండో బంతి. బడి కట్టిన జాగా మా కొండ్ర వారు ఇచ్చినది. కనుక బడిలో మేము ఇంటివాళ్ళం. మాకు పిల్లనిచ్చి, మా పిల్లను తెచ్చుకునే జాడి వారు చుట్టాలు. ఊరిపెద్ద ముత్తయ్య తాత లేచి, జాడి వారి పిల్లలను ముందు వరసలో, మా కొండ్ర వారి పిల్లలను వెనక వరసలో చకచకా కూర్చోబెట్టాడు. మర్యాద తప్పకూడదని మా పిల్లలను తనే వెనక్కి జరిపాడు.

అప్పుడు రెండో తరగతిలో ఉన్న నా కూతురు వినీత వెనక వరసలో కూర్చుంది. నా బావమరిది కూతురు గంగా ముందు వరసలో కూర్చుంది. ఇద్దరూ ఒకే ఈడు వాళ్ళు, పొద్దున లేస్తే ఒకరి చెయ్యి ఒకరు వదలరు. ముకేష్ గారు ఇంత తొందరగా జట్లు కుదిరిన ఊరు తాము చూడలేదని మెచ్చుకున్నారు. ఏ లెక్కన విడదీశారని అడగలేదు. మేమూ చెప్పలేదు. రెండో బంతి అంటే ఆలస్యంగా తినేదే తప్ప, అసలు తిననిది ఒకటి ఉంటుందని మాకు తెలియదు.

3. కళాశాలలో అప్పుడు బి.ఎడ్. చదువుతున్న దీప అనే అమ్మాయిని ముందు వరస పిల్లలకు పాఠం చెప్పడానికి పంపించారు. ఆమెది భోపాలపట్నం, ఇంట్లో తెలుగే. బొమ్మల పుస్తకాలు తెచ్చింది. కల్లం మీద పాటలు, చేపల వేట మాటలు, మా పిల్లల నోట్లో ఉన్నవే తీసుకుని వాటిలో నుంచి అక్షరాలు చూపించింది. లోపలి గదిలో ఆ చదువు. వెనక వరస పిల్లలు బయట వరండాలో. వాళ్ళకు మా బడి పంతులు గురూజీ ఎప్పటిలాగే చెప్పాలని కళాశాల వారి ఆదేశం. ఎప్పటిలాగే అంటే, గురూజీ ఉన్న రోజు హిందీ పాఠం, సర్వే పనికో మీటింగుకో పోయిన రోజు ఏమీ లేదు.

వానలు వెళ్ళేసరికి జాడి వారి పిల్లలు బియ్యం సంచి మీది అక్షరాలు కూడబలుక్కుని చదవసాగారు. గంగా వాళ్ళ నాయన ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. మేమూ సంతోషించాం, మా మేనకోడలే కదా. మా వాళ్ళు కొందరు మన పిల్లల సంగతి ఏమిటని ముత్తయ్య తాతను అడిగితే ఆయన చిన్నగా నవ్వాడు.

"మొదటి బంతి లేవనీయండిరా. చుట్టాల ముందట తొందర పడతరా ఎవలన్న? వాళ్లు లేసినంక మనకే."

అట్లా ఒక ఏడు పోయింది, ఇంకో ఏడు వచ్చింది. మొదటి బంతి లేవనే లేదు.

4. గదికీ వరండాకూ మధ్య ఒక కిటికీ ఉన్నది. లోపల పాట మొదలుకాగానే మా పిల్లలు పలకలు వదిలేసి కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవాళ్ళు. వినీత అయితే బయటి నుంచే పాట అందుకునేది. దీప చూసీ చూడనట్టు గొంతు పెంచి చెప్పేదట. కళాశాల వాళ్ళు పరీక్ష పెట్టడానికి వచ్చినప్పుడు ఈ సంగతి కనిపెట్టినారు. దీపకు చీవాట్లు పడ్డాయి. రెండో జట్టు "కలుషితం" అవుతున్నదని రిపోర్టు రాసుకున్నారు. చదువు చెవిన పడితే పిల్లలు కలుషితం అవుతారని చెప్పగలిగిన వాళ్ళు పిల్లలకు చదువు చెప్పేవాళ్ళను తయారు చేస్తున్నారు. ఇది రాస్తుంటేనే నాకు రోత పుడుతున్నది.

ఆ కిటికీకి తలుపులు లేవు. అందుకని పరిశోధన ప్రారంభోత్సవం నాటి ఫ్లెక్సీ బ్యానరు తెచ్చి కిటికీకి అడ్డంగా మేకులతో కొట్టినారు. ఆ బ్యానరు మీద "ప్రతి బిడ్డకూ మాతృభాషలో చదువు" అని హిందీలో పెద్ద అక్షరాలు, పక్కన ముకేష్ గారి ఫొటో. మా పిల్లలు వరండాలో కూర్చుని తలెత్తితే కనపడేది అదే. ఎండకు ఫొటో వెలిసిపోయింది కానీ మేకులు గట్టిగానే ఉన్నాయి. తమరు ఎప్పుడు వచ్చినా చూపించగలను.

5. ఒకనాడు ముకేష్ గారు జీపు దిగగానే నేను ఎదురుపోయి, రెండో జట్టుకు ఎప్పుడు మొదలుపెడతారని వినయంగానే అడిగాను. ఆయన కోప్పడలేదు. కుర్చీ వేయించి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఓపికగా చెప్పారు. పద్ధతి పని చేసిందని చూపించాలంటే, ఆ పద్ధతి అందని పిల్లలు కూడా ఉండాలట. వాళ్ళను కంట్రోల్ జట్టు అంటారట. మా ఊళ్ళో కంట్రోల్ అంటే బియ్యం ఇచ్చే దుకాణం. ఏమీ ఇవ్వని కంట్రోలు అప్పుడే చూడడం. అయితే మా పిల్లల పద్ధతి ఎప్పుడు మారుతుంది సార్ అన్నాను.

"వాళ్ళకు కూడా చెప్పేస్తే తేడా దేనితో చూపించాలి?" అన్నారాయన. "మీ పిల్లలు లేకపోతే ఈ పరిశోధనే లేదు, రామనర్సయ్య గారూ. అసలు త్యాగం మీది."

ఆ సాయంత్రమే ముత్తయ్య తాతకు సమాజ సహకారం కింద శాలువా కప్పి ఫొటో తీసుకున్నారు. తాత ఆ శాలువా ఒక్కసారి కూడా కప్పుకోలేదు. ఇప్పపూలు ఎండబోయడానికి కింద పరుస్తున్నాడు.

6. పిల్లలు మాత్రం పెద్దల ఒప్పందాలు వినరు కదా. ఇప్పపూలు ఏరడానికి తెల్లవారుజామునే పోయినప్పుడు, బుట్ట నిండిన తర్వాత గంగా పుల్లతో నేల మీద అక్షరాలు రాసి వినీతకు చూపించేది. వినీత తన పేరు రాయడం నేర్చింది. ఇంటికి వచ్చి పొయ్యి పక్కన బూడిదలో రాసి మా అమ్మ ఉప్పలమ్మకు చూపించింది. మా ఇంట్లో ఆ రోజు పండుగ లాగే గడిచింది. తర్వాతి పరీక్షలో వినీత కాగితం మీద కూడా తన పేరు తెలుగులో రాసింది. తమ అధ్యాపకులు దాన్ని చూసి సంతోషించారా? విచారణ జరిపించారు. బొమ్మల పుస్తకాలు ఇళ్ళకు పోకూడదని, పాఠం కాగానే వెనక్కి తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేయమని దీపకు చెప్పారు. ఒక జట్టు పిల్లలు ఇంకో జట్టు పిల్లలకు చదువు చెప్పకుండా తల్లిదండ్రులు చూసుకోవాలని మాతో చెప్పారు. వినీత కాగితం లెక్కలోకి తీసుకోలేదు. అంటే, తేడా తగ్గించినందుకు నా కూతుర్ని వాళ్ళ లెక్కలో నుంచి తీసేశారు, వాళ్ళ ఫొటోలో నుంచి మాత్రం తీయలేదు. ఆ ఫొటో సంగతి కింద మనవి చేస్తున్నాను.

7. ఈ పరిశోధనకు ముకేష్ గారికి ఉత్తమ పరిశోధన పురస్కారం వచ్చిందని విన్నాం. దాని తర్వాత మా సంగతి చూస్తారేమో అని కిందటి చలికాలంలో నేను జగ్దల్‌పూర్ వచ్చి కళాశాలకు పోయాను. ఆయన ఊళ్ళో లేరు. అటెండరు నన్ను హాల్లో బెంచీ మీద కూర్చోమన్నాడు. హాల్లో గోడ పొడుగునా "అధ్యాపకుల ఉపలబ్ధులు", అంటే విజయాలు, అని బోర్డు. వ్యాసాలు, సెమినార్లు, విదేశీ పత్రికలు, శాలువాలు, పూలగుత్తులు. దాని నడిమధ్య మా ఊరి బడి.

రెండు ఫొటోలు పక్కపక్కన ఉన్నాయి. మొదటి దాని కింద "ముందు" అని రాసి ఉంది. అందులో మా వినీత పుస్తకం తలకిందులుగా పట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉంది. రెండో దాని కింద "తర్వాత" అని ఉంది. అందులో గంగా పుస్తకం చదువుతూ నవ్వుతోంది. ఇద్దరికీ ఒకే రకం రెండు జడలు, ఒకే రంగు బడి గౌను. చూసినవాళ్ళు ఒకే పిల్ల అనుకుంటారు. అనుకోవాలనే పెట్టినట్టున్నారు. నా పక్కన నిలబడ్డ ఒక విద్యార్థి ఆ ఫొటోలు చూసి, ఎంత మార్పు అని నాతో అన్నాడు. నాకు అతని మీద కోపం రాలేదు. బయటికి వచ్చి కొళాయి దగ్గర మొహం కడుక్కుని బస్సెక్కాను.

వినీత ఆ ఫొటో రోజు సంగతి ఇంటికి వెళ్ళాక అడిగితే చెప్పింది. పుస్తకం అట్లా తలకిందులుగా పట్టుకోమని చెప్పింది ఫొటో తీసిన సారేనట.

8. ఇంతకన్నా నీచం ఉండదనుకున్నాను. ఉన్నది. అసిస్టెంట్ ప్రొఫెసర్ డాక్టర్ సుమన్ మేడం గారు ముకేష్ గారి దగ్గర నుంచి పిల్లల మార్కులు తీసుకుని, సొంతంగా ఇంకొక పరిశోధన చేసినారు. చదువు రాని పిల్లలందరి ఇంటిపేరు ఒకటేనని వారు కనిపెట్టినారు. కనిపెట్టక ఏమవుతుంది? ఇంటిపేరు చూసే కదా ముత్తయ్య తాత బంతి వేసింది. ఆ సంగతి మేడం గారు ఎవరినైనా అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. వారు అడిగినవి వేరు. మీరు మేనరికాలు చేసుకుంటారా, కడుపుతో ఉన్నప్పుడు ఇప్పసారా తాగుతారా, మీ ఇళ్ళలో పిచ్చివాళ్ళు ఉన్నారా, పిల్లలతో మీరు మాట్లాడతారా అని మా ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి అడిగించారు. మా అమ్మ ఆ చివరి ప్రశ్న వినగానే వరసలో నుంచి బయటికి నడిచి ఇంటికి పోయింది.

ఆ పరిశోధన వ్యాసం అచ్చయింది. సరిహద్దు గ్రామంలో ఒక వంశంలో తరతరాలుగా దిగివచ్చే పఠన మాంద్యం అని దాని పేరు. అది కూడా కళాశాల విజయాల బోర్డు మీదికి ఎక్కిందని దీప చెప్పింది. అంటే, ముకేష్ గారు మా పిల్లలకు చదువు చెప్పనందుకు పురస్కారం పొందితే, ఆ చెప్పని చదువు మా రక్తంలోనే లేదని సుమన్ గారు తేల్చినారు. ఒకే కళాశాల, పక్కపక్క గదులు. ఇద్దరూ ఒకరి వ్యాసాన్ని ఒకరు చదివినా మాకు ఈ అవస్థ ఉండేది కాదు. తమ కళాశాలలో అందరూ రాస్తారే కానీ ఎవరూ చదవరా అని అడగబుద్ధి అవుతున్నది. ఈ అర్జీ రాసినవాడి ఇంటిపేరు కూడా కొండ్ర. పఠన మాంద్యానికి నా వంతు రుజువుగా ఈ అర్జీని పరిశీలనకు సమర్పించుకుంటున్నాను.

9. కాగితం మీది మాట కాగితం మీదే ఉంటే భరించేవాళ్ళం. వినీత ఇప్పుడు ఐదో తరగతి. వచ్చే ఏడు ఆశ్రమశాలలో ఆరో తరగతికి చేర్పించాలని మా ఇంట్లో కోరిక. మా ఊరి బడి ఐదుతో అయిపోతుంది. ఆశ్రమశాల తప్పితే ఆడపిల్లకు ఇక్కడ వేరే దారి లేదు, మిరపచేలకు కూలికి పోవడమే. దరఖాస్తు పట్టుకుపోతే అక్కడి అధీక్షక్ గారు, అంటే వార్డెను, ముందు ఇంటిపేరు చూశారు. కొండ్రనా అన్నారు. మీ వాళ్ళ సంగతి విశ్వవిద్యాలయం వాళ్ళు రాశారు కదా, మా దగ్గర అటువంటి పిల్లలకు ఏర్పాటు లేదు అన్నారు. జూన్‌లో చదివే పరీక్ష పెడతాం, అందరి లాగా గడగడా చదివితే చూద్దాం అని చివరికి ఒప్పుకున్నారు. అదే రోజు గంగా దరఖాస్తు మారు మాట లేకుండా తీసుకున్నారు.

వినీత ఇంటికి వచ్చి గంగాతో మాట్లాడ్డం మానేసింది. ఎందుకు తల్లీ, దానిదేం తప్పు అని నేనంటే, ఆ పిల్ల నన్నే అడిగింది.

"నాయినా, మనోళ్లకు నిజంగనే చదువు రాదా?"

నేను తమకు మనవి చేసుకునేది అంతా ఈ ఒక్క మాట కోసమే. మిగతావన్నీ అర్జీ కనుక రాశాను. పదేళ్ళ పిల్ల నోట ఆ మాట పలికించడానికి ఒక ప్రొఫెసరు, ఒక మేడం, ఒక జీపు, ఒక బ్యానరు, మూడేళ్ళు పట్టాయి. ఇది కూడా విజయాల్లో రాసుకోమనండి.

10. ప్రస్తుత పరిస్థితి. దీప చదువు పూర్తయి భోపాలపట్నంలో ఇంటి దగ్గరే ఉంది. జరిగినదంతా ఆమెకు తెలుసు. వ్యాసాల్లో ఆమె పేరు ఎక్కడా లేదు, "ఒక శిక్షణార్థి" అని ఉన్నదట. మొన్న నేను పోయి అడిగితే వెంటనే వస్తానంది. "బడిలకు రానిస్తే చాలు మామా, ఎండాకాలం సెలవులు గిట్ల ఏం చూడను, జూన్ దాకా రోజు చెప్త" అన్నది. కానీ గురూజీ భయపడుతున్నాడు. మా బడి కళాశాల పరిశోధన కింద ఉన్నది కనుక, వాళ్ళ అనుమతి కాగితం లేనిదే రెండో జట్టుకు ఎవరూ కొత్తగా పాఠం చెప్పకూడదని అతనికి ఆర్డరు ఉంది. మా ఇళ్ళల్లో చెప్పించుకుందామంటే, ముత్తయ్య తాత మొదటిసారి గట్టిగా మాట్లాడి వద్దన్నాడు. బంతి బళ్ళో వేశారు, వడ్డన కూడా బళ్ళోనే జరగాలి, దొంగతనంగా తినే ఖర్మ మన పిల్లలకు లేదు అన్నాడు. ఆ మాటకు మేమంతా కట్టుబడి ఉన్నాం.

ఇదిలా ఉండగా ముకేష్ గారు మళ్ళీ కబురు పంపినారు. పరిశోధన రెండో దశ మొదలవుతుందట. ఇంకో మూడేళ్ళు రెండు జట్లనూ ఇట్లాగే ఉంచి, తేడా ఎంత పెరుగుతుందో చూస్తారట. సమితి అధ్యక్షుడిగా అంగీకార పత్రం మీద నేను సంతకం పెట్టాలట. వచ్చే నెల కళాశాలకు గ్రేడు ఇచ్చే పరిశీలక బృందం మా ఊరికే వస్తున్నదట. వాళ్ళకు మేము పాటలతో స్వాగతం చెప్పాలి, మధ్యాహ్నం మోదుగు విస్తళ్ళలో మా ఊరి వంట పెట్టాలి. పిల్లలు శుభ్రంగా తల దువ్వుకుని ఉండాలి. రెండో జట్టు పిల్లలు ఆ రోజు బడికి రాకపోయినా ఫరవాలేదు అని కూడా కబురులో ఉన్నది.

కావున తమతో మనవి:

(అ) రెండో జట్టు పిల్లలకు రేగులవాయి బడి గదిలో, వాళ్ళ ఇంటి భాషలో పాఠం చెప్పుటకు దీపను అనుమతిస్తూ ఒక్క వాక్యం రాసి, దాని కింద తమ ముద్ర వేసి పంపవలెను. ఇదే మా అసలు కోరిక. జూన్ లోపల రావలెను.

(ఆ) కిటికీ మీది బ్యానరు తీయించవలెను. తమకు తీరిక లేకపోతే మాకు చెప్పినా చాలు, మేకులు మేము పీకుకుంటాం.

(ఇ) కొండ్ర వారి రక్తం గురించిన వ్యాసం తప్పని, అది ఎక్కడ అచ్చయిందో అక్కడే అచ్చు వేయించి, ఆ కాగితం ఆశ్రమశాలకు కూడా పంపవలెను.

(ఈ) హాల్లో ఉన్న "ముందు" ఫొటో తీయించవలెను. లేదా అక్కడే ఉంచి, వినీత పుస్తకం సరిగా పట్టుకుని చదువుతున్న ఫొటో ఒకటి పక్కన పెట్టే రోజు తెప్పించవలెను. ఆ రెండో పని చేస్తే మీ ముకేష్ గారికి ఇంకో పురస్కారం వచ్చినా మాకు అభ్యంతరం లేదు.

(ఉ) అంగీకార పత్రం మీద నేను సంతకం పెట్టను. ఇది కోరిక కాదు, తమకు తెలియజేసుకుంటున్నాను.

ఈ అర్జీ ఏ ఫైలులోనూ నిద్రపోకుండా, తమ స్వహస్తాలతో తిప్పి, చివరి పేజీ దాకా చదివి, తగు చర్య తీసుకొనుటకు చిత్తగించవలెను.

ఇంకా కొన్నాళ్ళ వరకు
తమ విధేయుడు,
కొండ్ర రామనర్సయ్య
రేగులవాయి

తా.క.: పైదంతా రాసి ముగించాక ముత్తయ్య తాత ఇంటి అరుగు మీద మా వాళ్ళందరికీ చదివి వినిపించాను. అర్జీలతో అయ్యే పని కాదని అందరూ అన్నారు. అప్పుడు నేనే ఒక ఉపాయం చెప్పాను. పరిశీలక బృందం వచ్చిన రోజు మర్యాదగా రెండు బంతులు వేద్దాం. బృందం వాళ్ళది మొదటి బంతి. ముకేష్ గారు, సుమన్ గారు, మిగతా అధ్యాపకులు రెండో బంతి. మొదటి బంతికి కోడికూర, చేపల పులుసు అన్నీ కడుపారా పెట్టి, వాళ్ళు లేవగానే గిన్నెలన్నీ ఎత్తుకుని వాగు ఒడ్డుకు పోదాం. రెండో బంతి ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చుంటుంది. సాయంత్రానికి రెండు బంతుల మధ్య తేడా ఎంత వచ్చిందో మనమూ రాసుకుందాం. ఈ మూడేళ్ళలో మా వాళ్ళు అట్లా నవ్వడం నేను చూడలేదు. అప్పటికప్పుడు అందరూ సరేనన్నారు. ఎవరు ఏ గిన్నె మోయాలో కూడా అనుకున్నారు.

మా అమ్మ ఉప్పలమ్మ లోపల నుంచి వింటున్నదట. బయటికి వచ్చి నిలబడ్డది.

"ఆకేసి కూసోబెట్టినంక అన్నం పెట్టకపోతే ఏందిరా మన బతుకు? వాళ్లకు మనకు ఇగ తేడా ఏంది? రెండో బంతికి నేను వండుత. వచ్చినోళ్లందరు తినే పోవాలె."

గిన్నెలు ఎత్తుకుపోయే మాట అక్కడితో ఆగిపోయింది. నిజం చెప్పాలంటే నాకు ఆ పూట మా అమ్మ మీద కూడా కోపం వచ్చింది.

అందుచేత తమ అధ్యాపకులు నిర్భయంగా రావచ్చును. రెండో బంతిలో కూర్చున్నా కడుపు నిండా పెడతాం. వాళ్ళు రావద్దన్న పిల్లలందరూ ఆ రోజు వస్తారు, వడ్డన వాళ్ళదే. అన్నం గిన్నె పట్టుకుని వరసగా వచ్చేది మా వినీత. హాల్లో ఫొటో రోజూ చూసేవాళ్ళు కనుక గుర్తుపడతారేమో చూడాలి. గుర్తుపట్టకపోయినా ఆ పిల్ల ప్రతి విస్తరి దగ్గరా ఆగి, సరిపోయిందా సారూ, ఇంకింత పెట్టాల్నా అని అడుగుతుంది. తెలుగులోనే అడుగుతుంది.